కీలు సరే, కర్సర్ మాటేమిటి?

కీబోర్డు ఫోను గురించి ఎవరు రాసినా కీల దగ్గర మొదలెట్టి కీల దగ్గరే ఆగిపోతారు. నొక్కితే టిక్కుమంటుందా, బొటనవేలికి ఆనుతుందా, చూడకుండా కొట్టగలమా అని అడుగుతారు. అడగాల్సినవే. కానీ ఫోనులో రాయడం సగం పని, రాసింది దిద్దడం మిగతా సగం. మూడు వాక్యాల వెనక పడిన తప్పు దగ్గరికి ఎలా వెళ్తాం, ఎన్నిసార్లు వేలు ఎత్తాలి, వెళ్ళాక సరిగ్గా ఆ అక్షరం పక్కనే ఆగగలమా? కీబోర్డు ఫోను మంచిదో కాదో తేలేది ఇక్కడే అని నా వాదన. దీనికి బ్లాక్‌బెర్రీ క్యూ10 కంటే మంచి ఉదాహరణ దొరకదు. కీల పరీక్షలో క్లాసు ఫస్టు వచ్చి, కర్సర్ (అక్షరం పడే చోటు చూపే మెరిసే గీత) పరీక్షలో తప్పిన ఫోను అది.

2013 జనవరి 30న రీసెర్చ్ ఇన్ మోషన్ కంపెనీ తన పేరే బ్లాక్‌బెర్రీ అని మార్చుకుని, అదే రోజు రెండు ఫోన్లు చూపించింది. పూర్తి టచ్ ఫోను జెడ్10, కీబోర్డున్నది క్యూ10. క్యూ10 మన దగ్గరికి ఆ జూన్‌లో వచ్చింది, ధర 44,990 రూపాయలు. ఎత్తు 119.6 మి.మీ., వెడల్పు 66.8, మందం 10.4, బరువు 139 గ్రాములు. తెర 3.1 అంగుళాల చతురస్రం, 720 బై 720 అమోలెడ్. 2 జీబీ ర్యామ్, 16 జీబీ నిల్వ, మెమొరీ కార్డు జాగా, ఊడదీయగలిగే 2100 ఎంఏహెచ్ బ్యాటరీ. ఈ అంకెల్లో నాకు ముఖ్యమైనవి రెండే: 66.8, 119.6.

ముందు వెడల్పు. ఆ 66.8 మి.మీ.లో ఒక వరసకి పది కీలు పట్టాలి. అంచులు తీసేయకుండా లెక్కేసినా ఒక్కో కీకి 6.7 మి.మీ. మించదు. కంప్యూటరు కీబోర్డు మీద ఒక కీ నడుమ నుంచి పక్క కీ నడుముకి దూరం 19 మి.మీ. అంటే ఇది దాంట్లో మూడోవంతు. పెద్దవాళ్ళ బొటనవేలు ఆనితే కింద మూడు కీలు మునిగిపోతాయి. మరి నొక్కింది ఒక్కటే ఎలా పడుతుంది? కీ పైభాగం చదునుగా లేదు కాబట్టి. ప్రతి కీకీ ఒక పక్క ఎత్తు, మరో పక్క వాలు. ఎడమ సగం కీలు ఒక వైపుకి, కుడి సగం కీలు అద్దంలో బొమ్మలా రెండో వైపుకి వాలి ఉంటాయి. వేలి మెత్త మొత్తం ఆనినా ఒత్తిడి ఆ ఎత్తు అంచు మీదే పడుతుంది. పక్క కీ వాలు భాగం వేలి కిందే ఉన్నా దిగదు.

వరసకీ వరసకీ మధ్య అడ్డంగా సన్నని స్టీలు పట్టీ ఉంటుంది. వీణ మెట్లు తెలిసినవాళ్ళకి దాని పని చెప్పక్కర్లేదు. వేలు పైకి జరిగేటప్పుడు మెట్టు తగులుతుంది, తగిలిందంటే వరస మారింది. అందుకే రెండు మూడు వారాల అలవాటు పడ్డాక తెర మీదే చూపు నిలిపి కొట్టొచ్చు. నోకియా ఈ71లో ఈ మెట్లు లేవు. 57 మి.మీ. వెడల్పులో ఉబ్బెత్తు కీలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. అదీ మంచి ఫోనే, కానీ వరస తప్పితే వేలికి వెంటనే తెలిసేది కాదు, తెర మీద తప్పు అక్షరం చూశాకే తెలిసేది.

కీ కింద బోర్లించిన పళ్ళెం ఆకారంలో చిన్న లోహపు డోమ్ ఉంటుంది. నొక్కితే అది లోపలికి కుంగి సర్క్యూటుని కలుపుతుంది, ఆ కుంగడమే మనకి వినిపించే టిక్కు. పాతబడిన ఫోన్లలో వచ్చే రెండు జబ్బులూ ఇక్కడివే. చెమట, దుమ్ము చేరి డోమ్ అంచు మాసిపోతే గట్టిగా నొక్కితేగాని పడదు. డోమ్ అలసిపోయి కుదురుగా ఆనకుండా అదిరితే ఒక్క నొక్కుకి రెండు అక్షరాలు పడతాయి. రెండోదాన్ని సాఫ్ట్‌వేర్ తప్పనుకుని ఫోను రీసెట్ చేసేవాళ్ళుంటారు. ఏదో ఒకటి రెండు కీలే అలా చేస్తుంటే అది సాఫ్ట్‌వేర్ కాదు.

మొత్తం 35 కీలు. పై మూడు వరసల్లో పదేసి, కింద అయిదు: షిఫ్టు, సున్నా, స్పేసు, సింబల్, మళ్ళీ షిఫ్టు. ఈ కింది వరస విలువ అది లేని ఫోను పట్టుకుంటేగాని తెలియదు. 2021లో వచ్చిన యూనిహెర్ట్జ్ టైటన్ పాకెట్‌కి కూడా 3.1 అంగుళాల చతురస్రపు తెరే. అందులో స్పేసు కీని మూడో వరసలో వీ, బీల మధ్య ఇరికించారు. ఒక వరస మిగిలింది, నిజమే. బదులుగా వీకీ బీకీ మధ్య గోడ లేచింది. స్పేసు మనం అన్నిటికన్నా ఎక్కువ నొక్కే కీ. దాన్ని అక్షరాల మధ్య పెడితే బీ, ఎన్, ఎంలు అలవాటు చోటి నుంచి కుడికి జరుగుతాయి, వేలు మాత్రం పాత చోటికే పోతుంది. క్యూ10 ఆ పొరపాటు చేయలేదు.

అంకెల అమరిక కూడా చూడండి. డబ్ల్యూ, ఈ, ఆర్ మీద 1, 2, 3. వాటి కింద ఎస్, డీ, ఎఫ్ మీద 4, 5, 6. వాటి కింద జెడ్, ఎక్స్, సీ మీద 7, 8, 9. కంప్యూటరు మీద జెడ్, ఎస్‌కి సూటిగా కిందకి రాదు, పక్కకి జరిగి ఉంటుంది. ఇక్కడ మూడో వరస మొదట్లో ఆల్ట్ కీ పెట్టారు, దాంతో జెడ్ ఒక గడి జరిగి ఎస్ కిందకి నిలువుగా వచ్చింది. ఆ ఒక్క కీ వల్ల తొమ్మిది అంకెలూ పాత డయల్ ఫోను గళ్ళలాగా కుదిరాయి. ఇలాంటివి ఎవరో కూర్చుని ఆలోచిస్తేనే వస్తాయి. పాన్ నంబరు లాంటిది కొట్టాలంటే అయిదు అక్షరాలయ్యాక ఎడమ వేలితో ఆల్ట్ అదిమిపట్టి, కుడి వేలితో నాలుగు అంకెలు నొక్కి, వదిలేసి చివరి అక్షరం కొట్టడమే.

ఇప్పుడు ఎత్తు. చిన్న ఫోను అనగానే జేబు గురించి మాట్లాడతారు. నాకు జేబు కంటే తూకం ముఖ్యం. కీబోర్డు అడుగున ఉంటుంది, రెండు బొటనవేళ్ళూ అక్కడే ఆడతాయి, మిగతా వేళ్ళు వెనక పట్టుకుంటాయి. ఫోను పొడుగయ్యేకొద్దీ బరువు వేళ్ళకి పైన చేరి వెనక్కి ఒరగాలని చూస్తుంది. 2018 నాటి బ్లాక్‌బెర్రీ కీ2 ఫోను ఎత్తు 151.4 మి.మీ., 168 గ్రాములు. పై వరస క్యూ, పీలకి వేలు చాపినప్పుడు పట్టు సడలుతుంది, చిటికెన వేలిని కింద ఆసరాగా పెట్టుకోవాలి. 2015 నాటి బ్లాక్‌బెర్రీ ప్రివ్ ఫోను ఇంకా ఇబ్బంది. కీబోర్డు బయటికి జారితే తెర పైకి పోతుంది, 192 గ్రాముల్లో ఎక్కువ భాగం గాల్లో ఉంటుంది. 119.6 మి.మీ. క్యూ10 చేతిలో కదలదు. ఒంటి చేత్తో బస్సు కడ్డీ పట్టుకుని రెండో చేత్తో కొట్టొచ్చు, నెమ్మదిగానే అయినా.

చతురస్రపు తెర మీద తిట్లు చాలా ఉన్నాయి. సగమే న్యాయం. రాసేటప్పుడు టచ్ ఫోనులో కూడా కీబోర్డు పైకి లేచి తెరలో మూడోవంతుకి పైగా మింగేస్తుంది. మిగిలేది చతురస్రానికి అటూ ఇటూగానే ఉంటుంది. కాబట్టి రాయడానికి చతురస్రం లోటు కాదు. చూడటానికి మాత్రం లోటే. 3.1 అంగుళాల చతురస్రం భుజం దాదాపు 56 మి.మీ. అందులో మామూలు వీడియో పెడితే ఎత్తు 31 మి.మీ. వస్తుంది. అగ్గిపెట్టె మీద క్రికెట్టు చూసినట్టు. ఫోను తిప్పినా లాభం లేదు, చతురస్రాన్ని ఎటు తిప్పితే ఏమిటి! ఆండ్రాయిడ్ చతురస్రపు ఫోన్లలో ఇంకో చిక్కు ఉంది. యూపీఐ పిన్ పేజీ తన అంకెల పలకను తానే తెర మీద గీస్తుంది, కింద కీబోర్డున్న సంగతి దానికి పట్టదు. ఉన్న చిన్న తెరలో సగం పలకకే పోతే, ఎవరికి ఎంత పంపుతున్నామో చూపే వరసలు పైన ఇరుక్కుంటాయి.

ఇక అసలు తగాదా. 2011లో వచ్చిన బ్లాక్‌బెర్రీ బోల్డ్ 9900 తెర 2.8 అంగుళాలు. తెరకీ కీబోర్డుకీ మధ్య ఒక పట్టీ ఉండేది: కాల్ బటన్, మెనూ, నడుమ ట్రాక్‌ప్యాడ్ (వేలు జారిస్తే కర్సర్‌ని నడిపే చిన్న చదరపు పలక), వెనక్కి, కాల్ ముగించే బటన్. క్యూ10 దానికంటే నాలుగైదు మిల్లీమీటర్లే ఎత్తు ఎక్కువ. తెర మాత్రం 3.1 అంగుళాలైంది. ఆ చోటు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆ పట్టీని కోసేస్తే వచ్చింది. కొత్త బ్లాక్‌బెర్రీ 10 వ్యవస్థ అంతా తెర మీద వేలు జారుడు మీద నడుస్తుంది కాబట్టి బటన్లు అక్కర్లేదనుకున్నారు. మెనూకి, వెనక్కి వెళ్ళడానికి ఆ మాట చెల్లింది. కర్సర్‌కి చెల్లలేదు.

ట్రాక్‌ప్యాడ్ ఉంటే ఒక్క గీతలో కర్సర్ ఒక అక్షరం జరుగుతుంది. వేలు కీల నుంచి రెండు సెంటీమీటర్లు కూడా ఎత్తక్కర్లేదు. షిఫ్టు పట్టుకుని గీస్తే మాటలు ఎంపికవుతాయి. క్యూ10లో అదే పనికి వేలు ఎత్తి, తెర మీద 56 మి.మీ. గడిలో, వేలి కిందే దాగిపోయిన అక్షరం మీద తాకాలి. ఒక గుండ్రని గుర్తు వస్తుంది, దాన్ని లాగి సర్దుకోవాలి. బాణం కీలు లేవు. ఇంత చక్కని కీబోర్డు మీద నిమిషానికి బోలెడు మాటలు కొట్టి, ఒక్క అక్షరం దిద్దడానికి టచ్ ఫోను వాడి కంటే ఎక్కువ కష్టపడాలి. టచ్ ఫోనుకి కనీసం పెద్ద తెరైనా ఉంటుంది.

తెలుగులో ఇది ఇంకా బాధిస్తుంది. ‘స్త్రీ’ తీసుకోండి. కంటికి ఒక్క అక్షరం. ఫోనుకి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుడి. మామూలుగా కర్సర్ ఈ ఆరింటినీ ఒక్క గెంతులో దాటుతుంది, మధ్యలో నిలబడదు. చివర నిలిపి బ్యాక్‌స్పేస్ నొక్కితే ఒక్కొక్కటిగా రాలతాయి: ముందు గుడి, తర్వాత ర, తర్వాత పొల్లు. అంటే లోపలి ఒత్తు తప్పైతే దాని తర్వాత ఉన్నదంతా చెరిపి మళ్ళీ కొట్టాలి. ఆ మాట చివర కర్సర్ కచ్చితంగా నిలవాలి, ఒక అక్షరం అటైతే పక్క మాట చెడుతుంది. ఇంగ్లీషులో కర్సర్ ఒక గడి తప్పితే నష్టం ఒక అక్షరం, తెలుగులో ఒక గుణింతం.

తెలుగు ఎత్తాం కాబట్టి కీల అమరిక సంగతి కూడా ఇక్కడే. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో డ ఉండేది పీ పక్కన చదరపు బ్రాకెట్ మీద, చ ఉండేది ఎల్ పక్కన సెమికోలన్ మీద, ట దాని పక్క కీ మీద, య ఉండేది స్లాష్ మీద. ఫోను కీబోర్డు మీద ఈ నాలుగు కీలూ ఉండవు. పీ దాటితే ఫోను అంచే. ఎల్ పక్కన ఉన్నది బ్యాక్‌స్పేస్. కంప్యూటరు అలవాటున ‘చెట్టు’ అని మొదలెడితే చ రాదు సరికదా, అప్పటికున్న అక్షరం పోతుంది. చ, ట, డ, య లేని తెలుగు ఎవరికి కావాలి?

కాబట్టి ఫోను కీల మీద తెలుగుకి దారి ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి మార్చుకోవడమే. అందులో ట, డ, ణ, ళలకి పెద్ద అక్షరం కావాలి. ‘పట్టుకెళ్ళాడు’ అనే మాటకి పదమూడు అక్షరాలు, వాటిలో అయిదు పెద్దవి. ప్రతిదానికీ షిఫ్టు నొక్కితే పద్దెనిమిది నొక్కులు. ఇక్కడ బ్లాక్‌బెర్రీ రెండు షిఫ్టు కీలు ఇవ్వడం కలిసొస్తుంది, ఎడమ చేతి అక్షరానికి కుడి షిఫ్టు వాడొచ్చు. కీని కాస్త ఎక్కువసేపు అదిమిపడితే పెద్ద అక్షరం పడే పాత బ్లాక్‌బెర్రీ పద్ధతి కూడా ఉంది.

ఆండ్రాయిడ్ కీబోర్డు ఫోన్లలో ఒక గుంట ఉంది, ముందే తెలుసుకోవాలి. గట్టి కీ (తెర మీది బొమ్మ కాని నిజమైన కీ) నొక్కితే ఆ నొక్కు మొదట ఇన్‌పుట్ యాప్ (కీబోర్డు యాప్) చేతికి వస్తుంది. ఆ యాప్ దాన్ని పట్టుకుని తెలుగులోకి మార్చేలా రాసి ఉంటే సరే. తెర మీది కీబోర్డు కోసమే రాసిన యాప్ అయితే పట్టుకోదు, నొక్కు సూటిగా వెళ్ళి ఇంగ్లీషు అక్షరంగానే పడుతుంది. తెలుగు ఎంచుకున్నా ఇంగ్లీషే పడుతోందంటే కీబోర్డు పాడైందనుకోకండి. సెట్టింగుల్లో ఫిజికల్ కీబోర్డు కింద ఏ భాష ఉందో చూడండి. అక్కడా కుదరకపోతే గట్టి కీలను పట్టుకునే వేరే ఇన్‌పుట్ యాప్ వెతుక్కోవాలి. వాట్సాప్‌లో ‘ఎలా ఉన్నావ్’ని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టి సరిపెట్టుకునేవాళ్ళకి ఈ గొడవ లేదు. వాళ్ళు చేయాల్సింది ఒకటే, ఆటోకరెక్ట్ ఆపేయడం. లేకపోతే ప్రతి తెలుగు మాటనీ ఏదో ఇంగ్లీషు మాటగా ‘దిద్దిపెడుతుంది’.

బ్లాక్‌బెర్రీ తన తప్పు గ్రహించింది. 2014 డిసెంబరులో క్లాసిక్ అనే ఫోను తెచ్చి, పట్టీనీ ట్రాక్‌ప్యాడ్‌నీ మళ్ళీ పెట్టింది. తెర 3.5 అంగుళాలకి పెరిగింది, బరువు 177 గ్రాములకి చేరింది, బ్యాటరీ ఊడదీయడం పోయింది. అయినా రాసుకునేవాళ్ళకి క్యూ10 కంటే క్లాసిక్ మేలని నేను గట్టిగా అంటాను, ఒక్క ట్రాక్‌ప్యాడ్ వల్ల. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన బ్లాక్‌బెర్రీ పాస్‌పోర్ట్ ఫోను ఇంకో దారి పట్టింది: కీలకే స్పర్శ తెలిసేలా చేశారు. కీల మీద నొక్కకుండా వేలు జార్చితే పేజీ జరుగుతుంది, కర్సర్ కదులుతుంది. తర్వాతి కీవన్, కీ2 ఫోన్లదీ అదే దారి. చోటు తినని తెలివైన పరిష్కారమే. కానీ పొరపాటు జారుడుకి పేజీ గెంతుతుంది, తడి వేలికి అస్సలు మాట వినదు. వానాకాలంలో ట్రాక్‌ప్యాడే నయం.

షార్ట్‌కట్ల గురించి క్లుప్తంగా. మెయిళ్ళలో ఆర్ నొక్కితే జవాబు, ఎఫ్ నొక్కితే ఫార్వర్డు, జాబితాలో టీతో మొదటికి, బీతో చివరికి. కీ2లో 26 అక్షరాలకీ పొట్టి నొక్కు, పొడుగు నొక్కు కలిపి 52 పనులు అప్పజెప్పుకోవచ్చు. స్పీడ్ కీ అనే ప్రత్యేక కీ పట్టుకుంటే ఏ యాప్‌లో ఉన్నా అవి పనిచేస్తాయి. బాగుంది, కానీ పది దాటితే ఎవరికీ గుర్తుండవు.

ఈ రోజు క్యూ10 కొనాలా అని అడిగితే, వాడటానికైతే వద్దు. వాట్సాప్ 2017 చివర బ్లాక్‌బెర్రీ 10ని వదిలేసింది. 2022 జనవరి 4న కంపెనీ కూడా సేవలు ఆపేసింది. జియోకి 2జీ, 3జీ లేవు, వోల్టీ (4జీ మీదే కాల్ మాట్లాడే పద్ధతి) లేని ఈ ఫోనులో జియో సిమ్‌తో కాల్ రాదు. ఎయిర్‌టెల్ 3జీ మూసి ఏళ్ళైంది. మంచి కీబోర్డు ఎలా ఉంటుందో చేతికి తెలియాలని, లేదా ఒక వస్తువుగా దాచుకోవాలని కొనేవాళ్ళు మాత్రం మూడు చూసుకోవాలి. వెనక మూత తీసి బ్యాటరీని అద్దం బల్ల మీద పెట్టి తిప్పండి, బొంగరంలా తిరిగితే ఉబ్బినట్టే. ఎడమ పక్క మైక్రో యూఎస్‌బీ, మైక్రో హెచ్‌డీఎంఐ పక్కపక్కనే ఉంటాయి, చీకట్లో ఛార్జరు తప్పు దాంట్లో తోసి రెండూ చెడగొట్టినవి ఉంటాయి, టార్చి వేసి చూడండి. నోట్స్ తెరిచి 35 కీలూ అయిదేసిసార్లు నొక్కండి, అయిదు పడాల్సిన చోట నాలుగో ఆరో పడితే డోమ్ సంగతి ఇందాక చెప్పిందే.

రోజూ వాడటానికైతే ఇప్పుడు చిన్న కంపెనీలే దిక్కు. కీ2 తయారుచేసిన టీసీఎల్ ఒప్పందం 2020 ఆగస్టు 31తో ముగిసింది, ఆ ఫోను ఆండ్రాయిడ్ 8 దగ్గరే నిలిచిపోయింది. 2025లో యూనిహెర్ట్జ్ పాస్‌పోర్ట్ పోలికతో టైటన్ 2 తెచ్చింది. అదే ఏడాది జిన్వా అనే చైనా సంస్థ పాత క్లాసిక్ ఒంట్లో కొత్త ఆండ్రాయిడ్ బోర్డు అమర్చి క్యూ25 అని పేరు పెట్టింది. అన్నీ వదిలి క్లాసిక్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, నా లెక్కలో జవాబు ఆ నడుమ చదరపు ట్రాక్‌ప్యాడే.

ఏది కొన్నా, డబ్బు ఇచ్చేముందు ఒక నిమిషం పని ఉంది. సందేశం తెరిచి ఓ ఇరవై మాటలు కొట్టండి. తెర మీద వేలు పెట్టకుండా వెనక్కి వెళ్ళి, మూడో మాటలో రెండో అక్షరం మార్చండి. తర్వాత చివరికి తిరిగొచ్చి వాక్యం కొనసాగించండి. అయిదారు సెకన్లలో అయిపోతే ధర మాట్లాడుకోవచ్చు. తెర తాకక తప్పలేదంటే, కీలు ఎంత ముద్దొచ్చినా ఫోను అక్కడే పెట్టేసి రండి.